మీకు ఎప్పటికీ విసుగు పుట్టని సినిమా ఏది? యాడ కూర్చుని చూసినారో కూడా చెప్పాల

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

ఈ ప్రశ్న ఎప్పుడు అడిగినా మనోళ్లు పది పేర్లు గబగబా రాసేసి పోతారు. అందుకే ముందే చెప్తాండా, లిస్టులొద్దు. ఒక్క సినిమా చాలు. మరీ మనసొప్పకపోతే రెండు. అది గొప్ప సినిమానా, అవార్డు వచ్చిందా అనేది మనకనవసరం. టీవీలో వస్తాంటే పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచిపోయి, చేతిలో గరిటెతో అట్లే నిలబడి చూసేస్తామే, ఆ సినిమా కావాల. ఏ ఊర్లో చూసినారు, నేలా బెంచీనా, పక్కన ఎవరున్నారు, ఇవి కూడా రాయాల. ఇవి రాయనోళ్లకు నేను జవాబియ్యను.

నాది మాయాబజార్. 1988 ఎండాకాలం సెలవుల్లో తాడిపత్రిలో మా అవ్వోళ్లింటికి పోయింటి. నాకప్పుడు ఎనిమిదేండ్లు. పాత సినిమా మళ్లీ వేసినారని వీధి వీధంతా మొదటాటకు బయల్దేరింది. మా అవ్వ కొంగులో ఉడకబెట్టిన చెనిక్కాయలు. ఆ తడి తగిలి నా గౌను పక్కంతా ఉప్పుప్పగా అయిపోయింది. సరే, సావిత్రి "అహ నా పెళ్ళి అంట" అని ఆడతాంటే ఒక చోట బొమ్మ టక్కున ఎగిరింది. ఈ పక్కనున్న మనిషి ఆ పక్కకొచ్చేసింది. రెప్పపాటు తర్వాత పాట కూడా ఒక ఎక్కిలి ఎక్కింది. అది కూడా మాయే అనుకున్నా నేను! శశిరేఖ వేషంలో ఉండేది ఘటోత్కచుడు కదా, మాయమై మళ్లీ ప్రత్యక్షమైనాడని. ఇంటికి పోయినాక రెండ్రోజులు మంచం మీంచి దూకి ఆ ఎగరడం చేసి చూపించినా.

పెద్దయినాక టీవీలో చూస్తే ఆ ఎగరడం లేదు. 2010లో రంగులేసి విడుదల చేసినప్పుడు మా పిల్లోన్ని ఎత్తుకుని పోయి చూసినా. రంగులు బానే ఉండాయి. ఎగరడం మాత్రం అందులోనూ లేదు. మీరు నవ్వుకున్నా సరే, నా మాయాబజార్‌లో ఒక మాయ తక్కువైంది.

ఇంక మీరు చెప్పండి.


బురుజు పక్కింటోడు (కర్నూలు)

ఒక్కడు. ఇంకో మాట లేదు.

2003 సంక్రాంతి. ఇంటర్ రెండో సంవత్సరం. బాల్కనీ టికెట్లు దొరక్క మా గుంపంతా బెంచీలో దూరినాం. తెర మీద కొండారెడ్డి బురుజు కనపడంగానే హాలు హాలంతా లేచి నిలబడింది. హీరో వచ్చినాడని కాదప్పా, బురుజు వచ్చిందని! నేను రోజూ సైకిలు ఆనించి మిరపకాయ బజ్జీ తినే బురుజు అంత ఎత్తుదని నాకు ఆ పొద్దే తెలిసింది. మహేశ్‌బాబు ప్రకాశ్‌రాజ్‌ను కొట్టేటప్పుడు అందరూ ఈలలేస్తాంటే నేను మాత్రం వెనకాల మా నాయన అంగడి పడిందేమోనని వెతుక్కుంటాండా. పడలేదు. ఇప్పటికి ముప్పైసార్లు చూసింటా. ఇంకా పడలేదు.

దీనికి ఇంకో కథ ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊర్లోకి వచ్చినప్పుడు మా కిందిల్లు పూర్తిగా మునిగింది. బీరువా, ఫ్రిజ్జు, మా యక్క పెండ్లి ఆల్బం, అన్నీ బురదే. దాంట్లోనే నా సీడీల డబ్బా. నీళ్లు తీసినాక మా యమ్మ మిద్దె మీద పరుపులు ఆరేసుకుంటాంటే, నేను సీడీల బొక్కల్లో దారం గుచ్చి దండేనికి కట్టినా. "ఇల్లు పోయి మేమేడుస్తాంటే వీనికి సినిమా పట్టె" అని మిద్దె అదిరిపోయేటట్లు తిట్టింది. ఒక్కడు రెండు సీడీలుండె. మొదటిది బతికింది, రెండోది పోయింది. మళ్లీ కొనుక్కునే దాకా మా ఇంట్లో ఆ సినిమా సగంలోనే అయిపోతాండె.

2020లో వచ్చిన సరిలేరు నీకెవ్వరు కోసం మా బురుజును రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్టేసినారు కదా. మా యమ్మ టీవీలో చూసి ఒకటే మాట అనింది: "బురుజుకు సున్నం కొట్టించినట్లుందే!"


కారం దోశ (కడప)

కర్నూలు తమ్ముడూ, సినిమాల్లోంచి నీకు బురుజన్నా మిగిలింది. మాకు మిగిలింది నాటుబాంబులే.

2002లో చదువుకోడానికి వైజాగ్ పోయినా. హాస్టల్లో మొదటి రోజే పక్కమంచం పిల్ల అడిగింది, "ఏవండీ, మీ ఇంట్లో కూడా బాంబులుంటాయా?" అని. తప్పు ఆ పిల్లది కూడా కాదులే. సమరసింహారెడ్డి వచ్చి మూడేండ్లు, నరసింహనాయుడు వచ్చి ఒక యేడు, ఆ సంవత్సరమే ఆది, ఇంద్ర. నేను కూడా మొహం మార్చకుండా, "ఉంటాయి, మా యమ్మ ఎర్రగడ్డల బుట్టలో దాస్తాది, పిల్లోల్లకు అందకుండా" అన్నా. నమ్మింది సామీ! వారం దాకా నా పెట్టె దగ్గరికి రాలే. పెట్టెలో ఉండింది జొన్నరొట్టెలు, చెనిగ్గింజల పొడి. ఎనిమిదో రోజు వాసనకు తట్టుకోలేక తనే వచ్చి అడిగి తినింది. ఇప్పటికీ నా ప్రాణ స్నేహితురాలు.

నా సినిమా మల్లీశ్వరి. 1951ది. నిజానికి అది మా నాయన సినిమా, నాకు ఆస్తి మాదిరి వచ్చింది. బి.ఎన్. రెడ్డి మా జిల్లా మనిషే, పులివెందుల పక్కన కొత్తపల్లె. 1974 ఏటి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆయనకిస్తే, 1986ది తమ్ముడు నాగిరెడ్డికిచ్చినారు. ఈ ముక్క మా నాయన ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్తాడు, గ్యాస్ సిలిండరు తెచ్చినోనికి కూడా.

దాంట్లో ఒక సీను ఉంది. వానరాత్రి సత్రంలో మారువేషంలో ఉన్న రాయలవారిని నాగరాజు గుర్తుపట్టడు. ఎన్టీఆర్ ఎంత తేలిగ్గా, ఎంత కుర్రతనంగా అంటాడో చూడండి, మా మల్లికి రాణివాసం పల్లకీ పంపించమని రాయలవారికి చెప్పండి అని. ఎగతాళికి అంటాడు. ఎగతాళి అక్కడితో పోతుందా? పల్లకీ నిజంగానే వాకిట్లోకి వస్తాది, మల్లిని నాగరాజుకు దూరం చేసి తీస్కపోను. ఆ పల్లకీ కనపడినప్పుడు భానుమతి మొహం నేను ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా పూర్తిగా చూల్లేదు. ఆ టయానికి లేచి వంటింట్లోకి పోతా.

మా ఇంట్లో ఇది సామెతైపోయింది. ఎవరన్నా నోరుజారి కానిమాట అంటే మా నాయన "పల్లకీ వస్తాది, జాగ్రత్త" అంటాడు. మా తమ్ముడు డిగ్రీ తప్పినప్పుడు, "నేను కువైట్‌కు పోతే మీకు పీడా వదుల్తాది" అన్నాడు. మా నాయన అన్నం కలుపుతా, "ఒరే, పల్లకీ వస్తాది, నోరు మూసుకుని తిను" అన్నాడు. వాడు కువైట్‌లో ఉండబట్టి ఇప్పటికి పదకొండేండ్లు. పోయిన రంజాన్ నెలలో వీడియో కాల్ చేసి వాడే అడిగినాడు, "నాయనా, తిరుగు పల్లకీ ఏమన్నా ఉంటాదా ఆ సినిమాలో?" అని.

రెండోది చెప్పొచ్చన్నారు కాబట్టి, 2010లో వచ్చిన మర్యాద రామన్న. గడప లోపలుంటే అతిథి, దాటితే శవం. ఆ కత్తుల కథనే పట్టుకుని కడుపుబ్బ నవ్విచ్చినారు. హాస్టల్ పిల్లను తీస్కపోయి చూపించినా. "మీ ఇంటి గడప ఎంత ఎత్తుంటుందే?" అని అడిగింది.


కార్బన్ కడ్డీ (తాడిపత్రి)

నాకు ఫోన్లో అక్షరాలు కొట్టడం రాదు. మాట్లాడితే అదే రాసుకుంటాదని మా మనవరాలు నేర్పించింది. తప్పులుంటే దాన్నే అనండి.

నేను సినిమా హాల్లో పని చేసినోన్ని. 1973లో, పదహారేండ్లప్పుడు, రీళ్లు చుట్టే పిల్లోనిగా చేరితి. తర్వాత ఆపరేటరు. డిజిటల్ వచ్చి సినిమా వేసే మిషన్లు పాత ఇనుముకు పోయే దాకా ఆ మిషన్ల గదిలోనే. ఏ హాలని అడగొద్దండి.

మీరందరూ ఎవరి పక్కన కూర్చున్నారో రాస్తాండారు. నేను ఎవరి పక్కనా కూర్చోలే. జానెడు కంతలోంచి చూసినా. కంతలో కన్ను పెడితే కింద తలకాయలు, పైన బొమ్మ. శబ్దం హాల్లోది కాదు, గదిలో గోడకు కొట్టిన చిన్న స్పీకరుది, దాని మీద మళ్లీ మిషను టకటక. మే నెలలో రెండు మిషన్ల దీపాలూ వెలుగుతాంటే లోపల ఇటుకల బట్టీనే. బనీను కూడా ఉంచుకునేది లేదు.

నాకు సినిమా అంటే కథ కాదప్పా. ఇరవై నిమిషాల ముక్కలు. ఒక మిషన్లో రీలు అయిపోవస్తాంటే తెర మీద కుడిపక్క పైమూలలో చుక్క పడతాది. మొదటి చుక్కకు రెండో మిషను మోటరు వెయ్యాల. ఏడెనిమిది సెకన్లకు రెండో చుక్క. దానికి ఇది మూసి అది తెరవాల. ఆ సందులో తెర మీద హీరోయిన్ చచ్చిపోతాన్నా నాకు పట్టదు, నాకు కావాల్సింది చుక్క. ఇంగ కార్బన్ కడ్డీలు. రెండు కడ్డీల కొనల మధ్య మంట మండతా ఉండాల. మండే కొద్దీ కడ్డీ అరుగుతాది, అరిగే కొద్దీ దగ్గరికి జరుపుతా ఉండాల. ఏమరుపాటుగా ఉంటివా, బొమ్మ కామెర్ల రోగి మాదిరి పచ్చబడతాది. ఇంకా ఏమరితివా, తెర నల్లన. అప్పుడు ఈలలు. హీరోకు ఈల అంటే మెచ్చుకోలు, ఆపరేటరుకు ఈల అంటే అమ్మనాయనల్ని తిట్టినట్లు.

కాబట్టి ఏది మంచి సినిమా అని నన్నడిగితే నా లెక్క వేరే. ఇంటర్వెల్ అయినాక బెల్లు కొడితే, సగం టీ పారబోసి లోపలికి ఉరికినోళ్లు ఎంతమంది? అంతే. మెట్ల మీద నిలబడి చూస్తాంటి. కొన్ని సినిమాలకు బెల్లు కొట్టినాక కూడా బీడీ ముట్టిస్తాండ్రి. శంకరాభరణానికి మొదట్లో బీడీ ముట్టిచ్చేందుకు కూడా మనుషులు లేరు. 1980లో. ఒకాయన బుకింగ్ కిటికీలో తలపెట్టి "ఫైట్లు ఎన్నున్నాయి?" అని అడిగి, లేవంటే తిరిగిపోయె. తీసేద్దామా అని ఓనరు నన్నడిగె. నన్నెందుకు అడిగెనో! రెండో వారానికి జనం. బండల గనుల్లో పనిచేసే పిల్లోల్లు, తలంతా తెల్లటి దుమ్ము, అట్లే వచ్చి నేలలో కూర్చుంటాండ్రి. వాళ్లు బయటికి పోతా "శంకరా" అని ఎత్తుకుంటే కుక్కలు కూడా లేచిపోతాండె. అయినా పాడిరి.

ఈ అనంతపురం పాపది మాయాబజార్ అనింది కదా, నాదీ అదే. అది 1957లో వచ్చింది, నేను పుట్టిందీ 57లోనే. తీసిన కె.వి. రెడ్డి మా తాడిపత్రిలో పుట్టినోడు. స్టాప్‌వాచ్ పట్టుకుని, సీను ఎన్ని నిమిషాలు, ఫిల్ము ఎన్ని అడుగులు అని ముందే లెక్కేసుకుని తీస్తాండెనని చెప్పుకుంటారు. నాకు అది నిజమే అనిపిస్తాది, ఎందుకంటే మూడు గంటల పై సినిమా అది, దాంట్లో నేను నిద్రపోయే చోటు దొరకలే. ప్రతి సినిమాలో ఆపరేటరుకు ఒక కునుకు రీలు ఉంటాది. దీంట్లో లేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు ఆదిత్య 369 తీసె, 1991లో. దాంట్లోనూ కునుకు రీలు లేదు.

అయితే ఆ మాయాబజార్‌తోనే నేను చెడ్డపేరు తెచ్చుకుంటి. అప్పటికి నాకింకా పెండ్లి కాలే. ఒక రాత్రి రెండో ఆటకు రీళ్లు తారుమారు చేసి, నడుమ ఒకటి ఎగరగొట్టేసి తర్వాతది ఎక్కిస్తి. నాకు తెలిసేసరికి పది నిమిషాలు నడిచిపాయ. వెనక్కి తిప్పేది లేదు. గుండె దడదడ. ఈలలు వస్తాయని కంతలోంచి చూస్తాండా, ఒక్కటీ లేదు. అందరూ నవ్వుకుంటా చూస్తాండారు. సరే, బతికిపోతిని అనుకుంటి.

తెల్లారి పదింటికి ఒక ముసలామె మెట్లెక్కి పైకొచ్చె. చేతికర్ర, ఇంత పెద్ద బొట్టు. ఆడోళ్లు ఆ గదిలోకి రావడం అదే మొదలు. నన్ను కింది నుంచి పైకి చూసి, "నాయనా, కంబళి చూపిస్తివి, గింబళి యాడబాయె?" అనె.

నాకు నోట మాట లేదు. గింబళి అంటే ఆ సినిమాలో తనంతట తనే చుట్టుకునే మాయ కంబళి. ఆమె వదల్లే. "శర్మ, శాస్త్రి దొర్లి కింద పడాల. పళ్లే. నేను దానికోసరమే వచ్చేది. నా మనవనికి కూడా చెప్పి తీసుకొస్తి, ఇప్పుడు దొర్లుతారు చూడు, ఇప్పుడు దొర్లుతారు చూడు అని. వాడు నన్ను అబద్ధాలకోరు అంటాండాడు." హాల్లో నాలుగు వందల మంది ఉండిరి. ఒక్క రీలు పోతే కనుక్కునింది ఆమె ఒక్కటే. కాదు, అందరూ కనుక్కునింటారు, అడగను వచ్చింది ఆమె.

ఆ సాయంత్రం మొదటాటకు అర్ధగంట ముందర తలుపులు వేయించి, ఆ ఒక్క రీలు ఎక్కిస్తి. ఓనరుకు చెప్పలే, కార్బన్ ఖర్చు గదా. హాలు మొత్తానికి ఆమె, మనవడు. ఇద్దరూ నేలలోనే కూర్చుండ్రి, కుర్చీల్లో కూర్చోమంటే ఆమె వినలే, మా టికెట్టు ఇదే అనె. గింబళి చుట్టుకుంటాంటే ఆ పిల్లోడు నవ్విన నవ్వు ఖాళీ హాల్లో ఎట్ల మోగిందంటే, కంతలో ఉండే నాకు మిషను శబ్దం మించి వినపడె. నా నౌకరీలో ఈల కాకుండా నాకు వినపడిన శబ్దం అదే.

కడప పాపా, ఒక మాట. నువ్వు చెప్పిన ఫ్యాక్షన్ సినిమాలన్నీ నేనే ఆడించినా. సుమోలు గాల్లోకి లేస్తాంటే కాయితాలు చించి ఎగరేసింది ఎవరు? వైజాగోల్లు కాదు గదమ్మా. ఆ సినిమాలకు టీ సగంలో పారబోసి ఉరికినోళ్లూ శానామంది. నేను కండ్లారా చూసినా. మనల్ని కత్తుల్తో చూపిస్తిరే అని ఇప్పుడు అంటాండాము గానీ, ఆ పొద్దు రెండోసారి చూడను మళ్లీ లైన్లో నిలబడింది మనమే.


కారం దోశ (కడప)

పెద్దాయనా, ఒప్పుకుంటా. మా నాయన కూడా సమరసింహారెడ్డి రెండుసార్లు చూసినాడు. అడిగితే "మొదటిసారి పాటలప్పుడు నిద్రపోయినా" అంటాడు.


బురుజు పక్కింటోడు (కర్నూలు)

గింబళి అవ్వకు నా దండాలు. నా రెండో సీడీ పోయినప్పుడు నేను యాడ మెట్లెక్కాల్నో తెలీకపాయ.


సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

ఒక్క నిమిషం. అందరూ ఆగండి. పెద్దాయనా, మీరు తాడిపత్రి అంటాండారు. 1988లో కూడా ఆపరేటరుగా ఉన్నారు. ఆ ఎండాకాలం మాయాబజార్ వేసింది మీరేనా? అట్లయితే ఆ ఎగరడం ఏంది? ముప్పై ఏండ్ల పైనుంచి అడుగుతాండా, మా ఇంట్లో ఎవ్వరూ నమ్మరు. మా ఆయనైతే "నువ్వు కల కనింటావు" అంటాడు.


కార్బన్ కడ్డీ (తాడిపత్రి)

కల కాదు తల్లీ. మీ ఆయనకు ఇది చదివి వినిపించు.

ముందు బొమ్మ ఎగిరింది, తర్వాత పాట ఎక్కిలి పడింది అన్నావు చూడు, ఆ మాటతోనే నిజమని తెలిసిపోయె. ఫిల్ము మీద బొమ్మ పడే చోటు ఒకటి, శబ్దం చదివే దీపం ఇంకొక చోట, కింద. రెండింటికీ మధ్య ఇరవై ఫ్రేముల దూరం, ఫ్రేము అంటే ఫిల్ము మీద ఒక్క బొమ్మ. సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేములు పోతాయి. తెగిన ఫిల్మును అతికించిన అతుకు మొదట బొమ్మ పడే చోటికి వస్తాది, సెకను కంటే కొంచెం తక్కువ టయానికి శబ్దం దగ్గరికి పోతాది. ఎనిమిదేండ్ల పిల్ల కల కంటే ఇంత సరిగ్గా కనదు.

అతుకు ఎందుకొచ్చె అంటావా. ప్రింటు శానా ఊర్లు తిరిగి వస్తాది. యాడన్నా తెగితే కత్తిరించి, బ్లేడుతో గీకి, అసిటోన్ పూసి అతికిస్తారు. తెగిన కాడ ఒకటి రెండు ఫ్రేములు పోవడం మామూలే. ఆ పాట దగ్గర మాత్రం ఊరికే తెగలే. సావిత్రి బొమ్మ కావాలని ప్రతి ఊర్లో ఆపరేటరు తలా రెండు ఫ్రేములు కత్తిరించుకుంటా వచ్చినారు. మా ఊరికి వచ్చేసరికే ఆ పాటలో నాలుగైదు అతుకులుండె. ఈ మాట ముప్పై ఏండ్లకు పైగా ఎవ్వరికీ చెప్పలే, మా ఇంట్లో ఆమెకు కూడా. తాడిపత్రిలో తగ్గిన నాలుగు ఫ్రేములు నావి.

ఓనరుకు తెలిస్తే నౌకరి పోతాంటి. అందుకే పౌడరు డబ్బాలో వేసి అటక మీద పెడ్తి. నీ మాట చదివించుకున్నాక మనవరాలితో నిచ్చెన వేయించి దింపిస్తి. ఉండాయి. చుట్టలు తిరిగిపోయినాయి, పులిసిన చింతపండు వాసన వస్తాంది, అంచుల దగ్గర పెచ్చులు లేస్తాండాయి. కిటికీ రెక్కకు అడ్డం పెట్టి, ఎండలో ఒంటికన్నుతో చూస్తి, కంతలో చూసినట్లే.

నువ్వు ఈసారి తాడిపత్రికి వస్తే రైల్వే స్టేషన్‌లో దిగినాక ఇక్కడే రాయి, ఎదురొస్తా. నాలుగిట్లో రెండు నీకిస్తా. నాలుగిట్లోనూ సావిత్రి చెయ్యి పైకెత్తింది, ఇంగా దించలే.